నీళ్ళ మీద తేలిన గింజలు

విజయవాడ నుంచి తిరిగొచ్చాక ప్రయాణం ఎలా సాగిందని అడిగిన వాళ్ళందరికీ నేను కొండపల్లి బొమ్మ చూపించాను. చాటతో బియ్యం చెరుగుతున్న ఆడమనిషి బొమ్మ అది. అందరూ చేతిలోకి తీసుకుని ముచ్చటపడ్డారు. నేతి ఇడ్లీల గురించి, ఆ వైపు వాళ్ళ మర్యాదల గురించి నాలుగు మాటలు చెప్పి అందరినీ పంపించేశాను. బొమ్మ పెట్టిన బల్ల మీదే, దాని వెనకాల, ఒక పాత పచ్చడి సీసా ఉంది. దాని గురించి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. చెప్పడానికి సిగ్గేసింది. ఇప్పుడు రాస్తున్నది ఆ సీసా గురించే.

నేను హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో పనిచేస్తాను. రొయ్య పొట్టు నుంచి తీసిన కైటోసాన్ అనే పదార్థంతో కంటికి ఆననంత చిన్న రేణువులు చేసి, వాటిలో నత్రజని నింపి, వాటిని ఆవగింజ కన్నా కాస్త పెద్ద గింజలుగా కట్టడం మా పని. యూరియా చల్లితే చాలా మటుకు నీళ్ళలో కొట్టుకుపోతుంది, కొంత గాల్లో కలుస్తుంది. మా గింజ అలా కాకుండా మట్టిలో కూర్చుని, వారాల తరబడి కొద్దికొద్దిగా నత్రజని వదిలి, చివరికి తానూ మట్టిలో కలిసిపోవాలి. ఇవి రెండువేల సంవత్సరం దాటాక నాలుగైదేళ్ళకి జరిగిన సంగతులు. అప్పట్లో నానో అన్న మాట వింటే చాలు, సభల్లో జనం కుర్చీల్లో నిటారుగా కూర్చునేవాళ్ళు. నేను కూడా ఆ మాటని కాస్త గట్టిగానే పలికేదాన్ని.

గింజల్ని అసలైన వరిచేలో పరీక్షించడానికి కంకిపాడు దాటాక కాలువ పక్కన ఒక ఊళ్ళో పొలం దొరికింది. పొలం ప్రసాదరావు గారనే ఆసామిది. అందులో పై మడిని నాంచారయ్య అనే ఆయన కౌలుకి చేస్తున్నాడు, కింద మడిని ప్రసాదరావు గారే చేసుకుంటున్నారు. పై మడిలో మా గింజలు చల్లాలి, కింద మడిలో చల్లకూడదు, రెండూ పోల్చి చూడాలి. గింజల సంచిని, అచ్చు వేయించిన సూచనల కాగితాన్ని పార్సిల్ చేసి పంపాను. నేను మాత్రం వెళ్ళలేదు.

ఊడ్పులయిన నలభై రోజులకి మా అసిస్టెంట్ వెళ్ళి ఫొటోలు తెచ్చాడు. మా గింజలు చల్లిన పై మడి పాలిపోయి ఉంది. ఏమీ చల్లని కింద మడి ముదురుపచ్చగా, ఏపుగా ఉంది. నేను కుర్చీలోంచి లేవకుండానే తీర్పు చెప్పేశాను: నాంచారయ్య గింజలు చల్లలేదు, ఎవరికో అమ్ముకున్నాడు. ఆ మాటే కాస్త మర్యాదగా, ఆఫీసు కాగితం మీద టైపు చేయించి, ముద్ర కొట్టించి ప్రసాదరావు గారికి పంపాను. పది రోజులకి కార్డు వచ్చింది. మీ ఉత్తరం అందరికీ చదివి వినిపించాను, వచ్చే ఏటి నుంచి ఆ మనిషిని కౌలు నుంచి తీసేస్తున్నాను, ఇంకొకరికి మాటిచ్చాను, మీరొకసారి వచ్చి చూసి వెళ్ళండి అని. దసరా వెళ్ళాక బయల్దేరాను. దొంగని పట్టుకోబోతున్న ఉత్సాహం తప్ప మనసులో మరొకటి లేదు.

కొండపల్లి

విజయవాడలో దిగిన రోజు తిన్నగా పొలానికి వెళ్ళాల్సింది పోయి కొండపల్లి వెళ్ళాను. బొమ్మల చేతులూ కాళ్ళూ అతికించడానికి అక్కడ చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపి మక్కు అనే ముద్ద వాడతారు. అది మా గింజలకి పనికొస్తుందేమో చూడాలని ఒక సాకు. బొమ్మ కొనుక్కోవాలన్నది అసలు సంగతి.

బొమ్మలు చేసే పెద్దాయన వసారాలో కూర్చుని పొణికి చెక్కని బాడిసెతో చెక్కుతున్నాడు. చేతికిస్తే బరువే తెలియలేదు, అంత తేలిక చెక్క. పచ్చిగా ఉన్నప్పుడు బరువుంటుందనీ, సన్నటి సెగ మీద తడంతా పోయేదాకా ఆరబెడతామనీ చెప్పాడు. మక్కు నీళ్ళలో ఎన్నాళ్ళు ఆగుతుందని అడిగితే నవ్వాడు.

"మా బొమ్మలు అలమరాలో ఉంటాయమ్మా, నీళ్ళలోకి పోవు. ఎక్కడుండేదో తెలిస్తే గదా దేంతో చెయ్యాలో చూసుకునేది. మీ సరుకు ఎక్కడుంటది?"

వరిచేలో అన్నాను. చేలో ఎలా ఉంటుందో చూశారా అని అడిగాడు. నేను అనంతపురం వైపు మనిషిని. మా నాన్న వేరుశనగ వేసేవాడు. మా దగ్గర నీళ్ళంటే వాన, లేకపోతే బావిలో అడుగున మెరిసేవి. వరి మీద ఆరేళ్ళు పరిశోధన చేశాను గానీ డెల్టా వరిచేలో ఒక్కసారి కూడా కాలు పెట్టలేదు. ఆ సంగతి ఆయనకి చెప్పకుండా బొమ్మ ధర అడిగాను. ఎనభై అంటే అరవైకి బేరమాడాను. ఆ ఇరవై రూపాయలు తగ్గించినందుకు ఆ సాయంత్రమంతా తెగ సంబరపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే అదీ సిగ్గుగానే ఉంది.

బందరు బస్సు

మర్నాడు పొద్దున విజయవాడ బస్టాండు దగ్గర ఒక చిన్న హోటల్లో ఇడ్లీ తిన్నాను. ప్లేటు ఎనిమిది రూపాయలు. మీద కారప్పొడి చల్లి, అడక్కుండానే నెయ్యి వేశాడు. మావైపు పొద్దున్నే బొరుగులతో చేసిన ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తింటాం. ఇక్కడ ఉగ్గాని ఉందా అని అడిగితే సర్వరు అది ఏ టాబ్లెట్టో అన్నట్టు చూసి, పక్కన మందుల షాపుంది చూడండి అన్నాడు.

బందరు వెళ్ళే బస్సులో నా పక్క సీట్లో ఎండు రొయ్యల వ్యాపారి కూర్చున్నాడు. పేరు ఖాసిం గారు. సరుకు విజయవాడలో దించేసి ఖాళీ గంపలతో తిరిగి వెళుతున్నాడు. గంపలు ఖాళీవే గాని వాసన నిండుగా ఉంది. మర్యాద కోసం ముక్కు మూసుకోలేదు. పైగా, రొయ్య పొట్టుతోనే నేను ఎరువు చేస్తానని చెప్పి ఆయన్ని ఆశ్చర్యపరచాలనుకున్నాను. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. మేం ఊరవతల పారబోసే పొట్టు కోసం ఇంత చదువు చదివారా అన్నాడు. ఆ ఊపులో నాంచారయ్య కథ కూడా చెప్పేశాను. పేరు చెప్పి, ఊరు చెప్పి, గింజలు అమ్ముకున్నాడని చెప్పాను. ముందు సీట్లోవాళ్ళు కూడా తిరిగి విన్నారు.

ఖాసిం గారు జారుతున్న గంపని కాలితో లోపలికి నెట్టాడు. "కొన్నవాళ్ళు దొరికారా మేడమ్?" అన్నాడు.

దొరకలేదన్నాను.

"మరి అమ్మాడని ఎట్టా తెలిసింది?"

ఫొటోలు ఉన్నాయన్నాను. ఆయన సరేనండీ అని తల ఊపి, కంకిపాడు వస్తోంది, దిగేవాళ్ళు ముందుకు వెళ్ళాలని గుర్తు చేశాడు. ఆయన నన్ను మందలించాడని దిగాక చాలాసేపటికి గాని నాకు తట్టలేదు.

కంకిపాడు

కంకిపాడులో మెస్సు భోజనం ఇరవై ఐదు రూపాయలు. దోసకాయ పప్పు, గోంగూర, గడ్డ పెరుగు. వడ్డించే ఆవిడ నా యాస పట్టేసి, మీది సీమా అండీ అని అడిగి, కారం చాలదేమోనని ఇంకో గరిటె గోంగూర వేసింది. ఆ ఊళ్ళో అందరూ అండీ అంటారు. తిట్టుకున్నా అండీ అనే తిట్టుకుంటారేమో అనిపించింది. మా ఊళ్ళో ఇంత మర్యాద చేస్తే ఏదో అప్పు అడగబోతున్నారని భయపడతాం.

అక్కడి నుంచి ఆటోలో ఊరికి, ఊరి నుంచి నడిచి పొలానికి. గట్టు మీద పదడుగులు వేశానో లేదో జారి మడిలో పడ్డాను. ఎడమకాలి చెప్పు బురదలో దిగబడి మరి రాలేదు. చేతులు పెట్టి వెతుకుతుంటే ఎవరో వచ్చి, మీరు ఆగండమ్మా, అని మోచేతిదాకా చెయ్యి దింపి చెప్పు తీసి, కాలువలో కడిగి నా ముందు పెట్టారు. యాభై దాటిన మనిషి, సన్నగా, తలకి తువ్వాలు. హైదరాబాదు మేడమ్ గారేనా అన్నాడు. అవునన్నాను.

"నేనేనండీ నాంచారయ్యని."

నా చెప్పు కడిగిన చెయ్యి ఇంకా తడిగానే ఉంది.

మడి నుంచి మడికి

ఆయన నన్ను పై మడి గట్టు మీదకి తీసుకెళ్ళాడు. తర్వాత యూరియా వేసి కొంత కోలుకున్నా చేను ఇంకా పలచగానే ఉంది. కంకి వెయ్యబోతూ పొట్ట మీదున్న పైరు మధ్య ఖాళీలు కనిపిస్తున్నాయి. అప్పుడు మొదటిసారి ఆ నేల మీద నీళ్ళు ఎలా నడుస్తాయో చూశాను. కాలువ నీళ్ళు నేరుగా వచ్చేది పై మడికే. ఆ గట్టుకి గండి పెట్టి ఉంటుంది. అందులోంచి నీళ్ళు కింద మడిలోకి, దాని గండిలోంచి ఇంకా కింద మడిలోకి, అలా చివరి చేను దాకా వెళతాయి. ఎవరి గండి వాళ్ళదే గాని ఎక్కువసేపు కట్టేసి ఉంచడానికి ఎవరికీ హక్కు లేదు, కింద వాళ్ళ పైరు ఎండిపోతుంది. యూరియా చల్లే రోజు మాత్రం కింద వాళ్ళకి ముందే చెప్పి, మడిలో నీళ్ళు తీసేసి, గండి కట్టి, బురద మీద చల్లుతారు. ఇది అక్కడ పార పట్టిన ప్రతివాడికీ తెలిసిన సంగతి. నాకు తెలియదు.

ఆ రోజు అలా చేశారా అని అడిగాను. లేదండీ అన్నాడు. ఎందుకు చెయ్యలేదని కాస్త గట్టిగానే అడిగాను. దొరికాడనుకున్నాను.

ఆయన చొక్కా జేబులోంచి మడతలు పెట్టిన కాగితం తీసి ఇచ్చాడు. నేను అచ్చు వేయించిన సూచనలే. మూడో వాక్యం కింద ఎవరో పెన్సిలుతో గీత గీశారు. ఈ ఎరువుకి మడిలో నీరు తీయవలసిన పని లేదు, నిలువ నీటిలోనే చల్లవచ్చును అని ఉంది. నేను రాసిందే. రైతుకి ఒక రోజు పని మిగులుతుందని ఎంతో గొప్పగా రాశాను.

"చల్లగానే గింజలన్నీ పైకి తేలాయండీ. ఒక్కటి మునగలా. గాలికి అన్నీ గండి వైపుకి చేరుతున్నాయి. గండి కట్టేద్దామా అంటే కింద వాళ్ళకి చెప్పలేదు, మీ కాగితంలో కట్టమనీ లేదు. అందుకని పాల కేంద్రం కాడికి పరిగెత్తి, కాగితం మీద నంబరు చూసి మీకు ఫోన్ చేశాను."

నాకు ఫోన్ చేశారా అన్నాను.

"మీకేనండీ. గింజలు తేలుతున్నాయి, ఏం చెయ్యమంటారని అడిగా. తేలితే తేలనివ్వండి, తడిసి అవే మునుగుతాయి, కాగితంలో ఉన్నట్టు చెయ్యండి అన్నారు."

గట్టు మీద నిలబడే ఉన్నాను గాని తల కొట్టేసినట్టయింది. ఆ ఫోన్ గుర్తొచ్చింది. చేతిలో టీ కప్పు ఉంది. ఎదురుగా మా పని చూడ్డానికి ఢిల్లీ నుంచి వచ్చినవాళ్ళు ఉన్నారు. ఎవరో రైతు, ఏదో తేలుతోందని అంటున్నాడు. ఫోన్ పెట్టేసి, వాళ్ళతో నవ్వుతూ, పల్లెటూరి వాళ్ళకి ప్రతిదీ కంగారే అని కూడా అన్నాను. తర్వాత ఆ సంగతే మర్చిపోయాను. ఉత్తరం రాసేటప్పుడు కూడా గుర్తు రాలేదు.

మా ల్యాబులో గింజలు తేలడం ఎవరూ చూడలేదు. చూసే వీలు లేదు. ఎంత నత్రజని వదులుతుందో కొలవడానికి గింజల్ని సన్నటి వల సంచిలో కట్టి, దానికి బరువు వేలాడదీసి, బీకరులో ముంచుతాం. కుండీల్లో అయితే మట్టిలో కలిపేస్తాం. ఆరబెట్టేటప్పుడు గింజ లోపల గాలి చిక్కుకుంటుందని నాకు తెలుసు, మైక్రోస్కోపులో ఆ బుడగలు చూసి ఎంత అందంగా ఉన్నాయో అనుకున్నాను కూడా. ఒక గ్లాసు నీళ్ళలో నాలుగు గింజలు వేసి చూస్తే తెలిసిపోయేది. ఆరేళ్ళలో ఆ పని చెయ్యలేదు.

గింజలు తడిసి మునిగాయి, నేను చెప్పిన మాట అక్కడికి నిజమే. మునిగింది మాత్రం ప్రసాదరావు గారి మడిలో.

ఆయన కాళ్ళ మీద పడాలన్నంత సిగ్గేసింది గాని పడలేదు. మన్నించమని అడిగాను. ఆయన నా వైపు చూడకుండా, పొలం వైపు చూస్తూ చెప్పాడు.

"ఆ ఉత్తరం పాల కేంద్రం కాడ చదివారండీ. మీరు చెప్పేదేదన్నా ఉంటే అక్కడే చెప్పండి."

పాల కేంద్రం

ఆ ఊళ్ళో పొద్దున ఆరింటికల్లా ప్రతి ఇంటి నుంచీ ఒకరు పాలు తెచ్చి వరుసలో నిలబడతారు. పాలు కొలిచి, వెన్న చూసి, చీటీ రాసేదాకా గంట పడుతుంది. ఆ గంటసేపు ప్రసాదరావు గారు అరుగు మీద కూర్చుని పేపరు పైకి చదువుతారు. మంచి కంచు గొంతు. ఏళ్ళ నుంచీ ఉన్న అలవాటు. నా ఉత్తరం కూడా ఆయన అలాగే, పేపరు అయిపోయాక, తేదీతో సహా చదివారట. నాంచారయ్య, ఆయన భార్య నాగమల్లేశ్వరి ఆ రోజు వరుసలోనే ఉన్నారు.

ఆ రాత్రి ప్రసాదరావు గారింట్లో బస. ఆయనకి సంగతి చెప్పే ధైర్యం చాల్లేదు. రేపు ఒక కాగితం ఇస్తాను, అక్కడ చదవండి అని మాత్రం అన్నాను. ఆయన భార్య కొసరి కొసరి వడ్డిస్తుంటే సగంలోనే లేచి చెయ్యి కడుక్కున్నాను. కాగితం రాయడానికి కూర్చున్నాను. చాలా కాగితాలు చించాను. చివరికి తయారైనవి మూడు వాక్యాలు.

పొద్దున పేపరయ్యాక ప్రసాదరావు గారు అదే గొంతుతో చదివారు. "పరీక్షార్థం ఇచ్చిన ఎరువు వాడకం విషయంలో ఒక పొరపాటు జరిగింది. కౌలుదారు నాంచారయ్య గారిపై వచ్చిన అనుమానం సరైనది కాదని తెలిసింది. జరిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము."

వరుసలో మధ్యన స్టీలు క్యాను పట్టుకుని నిలబడ్డ ఒకావిడ కాస్త ముందుకొచ్చింది. ఆమే నాగమల్లేశ్వరి అని అప్పుడు తెలిసింది.

"పొరపాటు ఎవరు చేశారో చదవలేదు బాబాయి గారూ."

ఆయన కాగితం తిప్పి చూశారు. "రాయలేదమ్మా."

"నా మొగుడి పేరు రాశారు గదండీ. మొన్నా రాశారు, ఇయ్యాలా రాశారు. చేసినోళ్ళ పేరు రాయలేదే?"

ఆమె గొంతు పెంచలేదు. నా వైపు చూడనైనా చూడలేదు. నేను అరుగు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. పొరపాటు నాదేనని చెప్పాను. నీళ్ళు తీయనక్కర్లేదని కాగితంలో రాసింది నేను, గింజలు తేలుతున్నాయని ఆయన ఫోన్ చేస్తే వినిపించుకోనిదీ నేను, పొలం చూడకుండా దొంగతనం అంటగట్టిందీ నేను. ఫోన్ పెట్టేశాక నవ్విన సంగతి కూడా చెప్పాను. అది చెప్పక్కర్లేదు గాని, నోరు తెరిచాక ఆగలేదు.

ప్రసాదరావు గారు కాగితాన్నీ, జేబులోని పెన్నునీ నా ముందు పెట్టారు. మూడు వాక్యాలూ కొట్టేసి, నా పేరుతో మొదలుపెట్టి మళ్ళీ రాశాను. ఆయన అందుకుని చూసుకుంటుంటే నాగమల్లేశ్వరి, తేదీ కాడి నుంచి చదవండి అంది. ఆయన తేదీ దగ్గర నుంచి చదివారు.

చదవడం అయ్యాక వరుసలో చివరనున్న ముసలాయన ఒకడు, అయితే ప్రసాదరావూ, నీ చేను చూడండి నీ చేను చూడండి అని నెల రోజుల బట్టీ అందర్నీ గట్ల మీద తిప్పావే, ఆ పచ్చదనం నాంచారయ్యదన్నమాట, అన్నాడు. నలుగురూ నవ్వారు. ప్రసాదరావు గారి ముఖం కందిపోయింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఆ ఇంకొకరికి ఇచ్చిన మాట వెనక్కి తీసుకుంటాననీ, కౌలు నాంచారయ్యదేననీ చెప్పారు. అప్పటికే నాగమల్లేశ్వరి తన వరుసలోకి వెళ్ళి నిలబడింది. ఆమె వంతు వచ్చింది, పాలు పోసి, చీటీ తీసుకుని వెళ్ళిపోయింది.

ఊరి మలుపు

కంకిపాడు ఆటో కోసం మలుపులో నిలబడి ఉంటే నాంచారయ్య సైకిలు మీద వచ్చాడు. సంచిలోంచి ఒక పచ్చడి సీసా తీసి ఇచ్చాడు. మూతకి గుడ్డ కట్టి ఉంది. విప్పి చూశాను. మా గింజలు. మహా అయితే రెండు గుప్పెళ్ళు ఉంటాయి.

నేను ఫోన్లో అలా చెప్పాక కూడా ఆయనకి మనసు ఒప్పలేదట. భార్యాభర్తలిద్దరూ పాత చీర గండికి అడ్డం పట్టి, చీకటి పడేదాకా మోకాటి లోతు నీళ్ళలో నిలబడి చేతికందినన్ని ఎత్తారు. నాచు ఏరేసి, నీడన ఆరబెట్టి సీసాలో పోశారు. ఒక్క గింజకి మట్టి లేదు.

ఇది చూపిస్తే నెల కిందటే మీ మీద మాట పోయేది కదా, ఇన్నాళ్ళూ ఎందుకు చూపించలేదని అడిగాను.

"అడిగితే చూపిద్దామనే దాచానండీ," అన్నాడు నాంచారయ్య. "మీరు ఉత్తరం రాశారు గాని, నన్ను అడగలేదు."

ఆటో వచ్చింది. ఆయన నా సంచి ఎత్తి లోపల పెట్టి, జాగ్రత్తగా వెళ్ళిరండి మేడమ్ గారూ అన్నాడు. కొండపల్లి బొమ్మ సంచి అడుగున ఎక్కడో ఉంది. విజయవాడ దాకా సీసాని ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాను.